ప్రొఫెసర్ గారి కాగితాలు కాలేజీ ఆర్కైవ్‌కు వస్తే: ఏది ముందు, ఏది తర్వాత, ఏ పద్ధతి మేలు

చరిత్ర ప్రొఫెసర్ ఒకరు రిటైరయ్యాకో కన్నుమూశాకో, వారి కాగితాలు కాలేజీకి ఇస్తామని ఇంటివాళ్ల నుంచి కబురు వస్తుంది. ఉత్తరాలు, పాఠాల నోట్సు, పుస్తకాల చిత్తుప్రతులు, ఇండెక్సు కార్డుల డబ్బాలు, ఇంటర్వ్యూల క్యాసెట్లు, పర్యటనల్లో తీసిన ఫోటోలు, వేరే ఆర్కైవ్‌లలో తీయించుకున్న జిరాక్సు కట్టలు, నాలుగు ఫ్లాపీలు, ఓ పాత ల్యాప్‌టాప్. అప్పటికి కాలేజీ చేతిలో ఉండేది ఒక గది, రెండు ర్యాకులు, ఒకరో ఇద్దరో మనుషులు. మొదటి మీటింగులోనే ఎవరో ఒకరు "అన్నీ స్కాన్ చేసి పెట్టేద్దాం" అంటారు.

ఆ మాటకు తొందరపడి ఒప్పుకోవద్దు. స్కానింగు పదేళ్ల తర్వాతైనా చేసుకోవచ్చు. కాగితాలు ప్రొఫెసర్ గారి బీరువాలో ఏ వరుసలో ఉన్నాయో, ఏ కట్ట ఏ పుస్తకం కోసం పోగుచేశారో మాత్రం ఒక్కసారి చెదిరితే మళ్లీ ఎవరూ చెప్పలేరు. అందుకే ముందు రాతపూర్వక ఒప్పందం, ఆ వెంటనే వరుసను నమోదు చేయడం, తర్వాత మంచి పెట్టెలు, ఫోల్డర్ల జాబితా. ఉన్న డబ్బు, ఉన్న సమయం ఈ క్రమంలోనే ఖర్చు పెట్టాలి. ధ్వని టేపులకు మాత్రం దీని నుంచి మినహాయింపు ఉంది, దాని సంగతి కింద చూద్దాం.

కాలేజీలోనే ఉంచాలా, పెద్ద సంస్థకు పంపాలా

ప్రొఫెసర్ గారి కాగితాల్లో ఎక్కువ భాగం బోధన, డిపార్ట్‌మెంటు చరిత్ర, విద్యార్థులు, కాలేజీ ఉన్న ప్రాంతం గురించైతే అవి కాలేజీలో ఉండడమే సబబు. వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ముందు అక్కడికే వస్తారు. అలా కాకుండా, జీవితమంతా ఒకే అంశం మీద పరిశోధన చేసి, ఆ అంశానికి సంబంధించిన ఇతర సేకరణలు ఇప్పటికే ఓ పెద్ద పరిశోధన గ్రంథాలయంలో ఉంటే, కాగితాలు అక్కడికి వెళ్లడం పరిశోధకులకు మేలు. గౌరవం కోసం పట్టుబట్టి కాలేజీలోనే అట్టిపెట్టుకోవడం సరైన కారణం కాదు.

కాలేజీ తీసుకోవాలంటే నాలుగు విషయాలు తేల్చుకోండి. తాళం పడే గది ఉందా? ఆ గది పైకప్పు మీద నీళ్ల ట్యాంకు గానీ, లోపల నీటి పైపులు గానీ ఉన్నాయా? ఇప్పుడు బాధ్యత చూసే మనిషి వెళ్లిపోతే తర్వాత ఎవరిదన్నది ఉత్తర్వులో ఉందా? చదవడానికి వచ్చేవాళ్లకు వారానికి కనీసం ఒక రోజైనా తెరుస్తారా? వీటిలో రెండింటికి సరైన జవాబు రాకపోతే వేరే సంస్థతో మాట్లాడడం మంచిది.

అన్నిటికన్నా చెడ్డ ఎంపిక పంచుకోవడం. పేరున్నవాళ్ల ఉత్తరాలు పెద్ద సంస్థకు, మిగిలినవి కాలేజీకి అంటే రెండూ సగం సగం అర్థమవుతాయి. పంచక తప్పకపోతే ఏరి పంచవద్దు, ఒక విభాగం మొత్తాన్ని అలాగే పంపండి. ఎక్కడిది ఎక్కడికి వెళ్లిందో రెండు చోట్లా జాబితాలో రాయాలి.

ఇంట్లోనే ఉంచడం కొన్ని నెలల మాట అయితే ఫర్వాలేదు. కానీ ఇంటివాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: సర్దవద్దు. సాయం చేద్దామనే ప్రేమతోనే వాళ్లు ఉత్తరాలన్నీ ఒకచోట, ఫోటోలన్నీ మరోచోట వేరుచేస్తారు. ఉత్తరంతో పాటు కవరులో వచ్చిన ఫోటో అప్పుడే అనాథ అవుతుంది.

దానమా, డిపాజిట్టా, డిజిటల్ ప్రతి తీసుకుని తిరిగి ఇవ్వడమా

దానపత్రం మీద తీసుకోవడమే కాలేజీకి అన్నివిధాలా క్షేమం. కాగితాల యాజమాన్యం కాలేజీకి బదిలీ అవుతుంది, అక్కర్లేనివి తీసేసే హక్కు వస్తుంది, పెట్టెల మీద పెట్టిన ఖర్చు వృథా కాదు. డిపాజిట్ అంటే సొంతదారు వారసులే, కాలేజీ కాపలా మాత్రమే. వర్గీకరించి, పెట్టెల్లో పెట్టి, జాబితా రాశాక వారసులు వెనక్కి అడిగితే ఇచ్చేయాల్సిందే. వారసుల మధ్య ఏకాభిప్రాయం లేనప్పుడు డిపాజిట్ తప్పకపోవచ్చు. అలాంటప్పుడు కనీస గడువు, ముందుగానే వెనక్కి తీసుకుంటే అయిన ఖర్చు ఎవరు భరిస్తారు, గడువు తర్వాత ఏమవుతుంది అన్న మూడూ ఒప్పందంలో ఉండాలి. డైరీలు వదులుకోలేమని ఇంటివాళ్లు అంటే ఆ కొన్నింటికి మాత్రం స్కాన్ చేసి తిరిగి ఇవ్వడం మంచి మధ్యేమార్గం. మొత్తం సేకరణకు అది పనికిరాదు. అసలు కాగితం లేని చోట స్కానులో ఏ పేజీ తప్పిపోయిందో సరిచూసుకోవడానికి ఇక ఆధారం ఉండదు.

దానపత్రంలో ఎక్కువమంది మరిచిపోయేది కాపీరైట్. కాగితం సొంతం కావడం వేరు, అందులోని రాతను ప్రచురించే హక్కు వేరు. ప్రొఫెసర్ గారు రాసినవాటి హక్కును వారసులు కాలేజీకి బదిలీ చేయవచ్చు, లేదా వాడుకోవడానికి అనుమతి ఇవ్వవచ్చు. ప్రొఫెసర్ గారికి ఇతరులు రాసిన ఉత్తరాల మీద హక్కు మాత్రం ఆ రాసినవాళ్లదీ, వాళ్ల వారసులదీ. వారసులు ఎంత పెద్ద మనసుతో సంతకం చేసినా తమది కాని హక్కును ఇవ్వలేరు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. చాలా దేశాల్లో గడువు అంతకన్నా ఎక్కువ. అందుకే ఉత్తరాలను చదువుకునే గదిలో చూపించడం ఒకటి, ఇంటర్నెట్‌లో పెట్టడం మరొకటి అని మొదటి నుంచీ వేరుగా చూడాలి.

కొన్ని కాగితాలు కొంతకాలం చూపించవద్దని ఇంటివాళ్లు అడగవచ్చు. ఒప్పుకోండి, కానీ తేదీతో. "ఫలానా సంవత్సరం డిసెంబరు 31 వరకు" అని ఉండాలి. "కుటుంబం అనుమతిస్తే" అని రాస్తే ముప్పై ఏళ్ల తర్వాత ఆ కుటుంబాన్ని వెతికే పని కాలేజీ నెత్తిన పడుతుంది. "శాశ్వతంగా" అన్న షరతుకు ఒప్పుకోకూడదు. ఎవరూ ఎప్పటికీ చూడకూడని కాగితాన్ని దాచడానికి ఆర్కైవ్ దేనికి?

వరుసను కాపాడాలా, కొత్తగా అమర్చాలా

ఒకరి కాగితాలను ఇంకొకరివాటితో కలపకూడదన్న సూత్రాన్ని ఫ్రాన్స్‌లో 1841లో ప్రభుత్వ ఉత్తర్వుగా జారీ చేశారు. ఉన్న వరుసను గౌరవించాలన్న మాటను 1898లో ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు, ముల్లర్, ఫైత్, ఫ్రౌన్, తమ మాన్యువల్‌లో పద్ధతిగా రాశారు. ఆ రెండూ ప్రొఫెసర్ కాగితాలకు ఎందుకంత ముఖ్యమో ఒక్క కార్డుల డబ్బా చూస్తే తెలిసిపోతుంది.

డబ్బా తెరవండి. 3×5 అంగుళాల కార్డులు వెయ్యికి పైగా ఉంటాయి. కార్డు ఎడమ మూల అంశం పేరు, కుడి మూల "47/112" లాంటి అంకె. అంటే 47వ నోట్‌బుక్కు, 112వ పేజీ. కొన్నిటి మీద పెన్సిల్ టిక్కు ఉంటుంది, ఆ సమాచారం అధ్యాయంలో వాడేశారన్నమాట. మధ్యలో మూడు కార్డులను ఒక జెమ్ క్లిప్పు పట్టి ఉంచుతుంది. మూడు వేర్వేరు ఊళ్ల రికార్డుల నుంచి తీసినవి, తేదీలు వేరు, కానీ ప్రొఫెసర్ గారు వాటిని కలిపి చూశారు. వారి వాదన అక్కడే పుట్టి ఉండవచ్చు. ఆ క్లిప్పు తుప్పు పట్టిందని తీసేసి, కార్డులను అకారాది క్రమంలో సర్దేశారనుకోండి. ఒక్క కార్డు కూడా పోదు, కానీ ఆలోచన పోతుంది. క్లిప్పు తీయాల్సిందే, కాకపోతే తీసే ముందు ఆ మూడు కార్డులనూ మడిచిన ఆమ్లరహిత కాగితంలో పెట్టి, దాని మీద "మూడూ కలిపి ఉన్నవి" అని పెన్సిలుతో రాయాలి. నోట్‌బుక్కుల మీద ఉన్న అంకెలనూ మార్చకూడదు. మారిస్తే కార్డుల మూలన ఉన్న అంకెలన్నీ ఎటూ చూపని వేళ్లవుతాయి.

కాబట్టి కాగితాలు కదిపే ముందే గది, బీరువాలు, ప్రతి అర ఫోటో తీయండి. అరలకు అంకెలు వేయండి. ఏ అరలోవి ఏ పెట్టెలోకి వెళ్తున్నాయో పెట్టె మీద రాయండి: "బీరువా 2, అర 3, ఎడమ నుంచి కుడికి". ప్రొఫెసర్ గారు ఉంటే ఇదే సమయంలో గంటసేపు రికార్డరు పెట్టి, అర అరకూ వారిచేతే చెప్పించండి. కాగితాలతో పాటు రావాల్సిన వాటిలో ఆ గంట రికార్డింగుకు సమానమైనది ఇంకొకటి లేదు.

వరుసే లేనప్పుడు సంగతి వేరు. ఇల్లు మారినప్పుడు కూలీలు కుక్కిన పెట్టెలు, మంచం కింద నుంచి తీసిన సంచులు, వీటిలో గౌరవించాల్సిన క్రమమంటూ ఏమీ ఉండదు. అప్పుడు కొత్త అమరిక చేయవచ్చు: జీవిత విషయాలు, ఉత్తరాలు, బోధన, పరిశోధన, రచనలు, సంఘాలు–కమిటీలు, ఫోటోలు–ధ్వని, డిజిటల్. ఎనిమిది దాటితే ఎక్కువ. ఈ అమరిక మీరు చేసినదే, ప్రొఫెసర్ గారిది కాదు అని జాబితా మొదట్లో ఒక వాక్యం ఉండాలి. చాలా సేకరణల్లో సగం వరుసగా, సగం కలగాపులగంగా ఉంటాయి. బాగున్న సగాన్ని ముట్టుకోకండి, చెదిరిన సగానికి మాత్రం అమరిక చేయండి.

ఏవి ఉంచాలి, ఏవి వద్దు

ఉత్తరాలు వచ్చినవీ, పంపినవాటి కార్బన్ కాపీలూ రెండూ ఉంచాలి. డైరీలు, పరిశోధన నోట్సు, అచ్చు కాని రచనలు, ఇంటర్వ్యూలు, సిలబస్సులు, పాఠాల నోట్సు ఉంచాలి. ఒకే అధ్యాయానికి ఏడు చిత్తుప్రతులుంటే చేతిరాత దిద్దుబాట్లున్నవి ఉంచి, ఒకేలా ఉన్న జిరాక్సులు తీసేయవచ్చు. అచ్చయిన పుస్తకాలు లైబ్రరీ విభాగానికి వెళ్లాలి, మార్జిన్లలో రాసుకున్నవి మాత్రం కాగితాలతోనే ఉండాలి.

చిక్కు మూడు చోట్ల వస్తుంది. మొదటిది విద్యార్థుల కాగితాలు: మార్కుల పట్టికలు, జవాబు పత్రాలు, సిఫారసు ఉత్తరాలు. బతికున్న మనుషుల గోప్యత ఇందులో ఉంది. మార్కుల పట్టికలు, జవాబు పత్రాలు ఉంచకపోవడమే సరి. సిఫారసు ఉత్తరాలు ఉంచితే గడువు పెట్టి మూసి ఉంచాలి. రెండోది, ప్రొఫెసర్ గారు డిపార్ట్‌మెంటు హెడ్‌గా ఉన్నప్పటి ఫైళ్లు. అవి వారి సొంత కాగితాలు కావు, కాలేజీ రికార్డులు. దానపత్రంలో చేర్చకుండా కాలేజీ రికార్డుల వరుసలోకి పంపాలి. మూడోది, వేరే ఆర్కైవ్‌ల నుంచి తెచ్చుకున్న జిరాక్సులు. అసలు కాగితం భద్రంగా ఉండి, జిరాక్సు మీద ఏ రాతా లేకపోతే మూలం వివరాలు రాసుకుని వదిలేయవచ్చు. జిరాక్సు మీద ప్రొఫెసర్ గారి రాత ఉన్నా, అసలు కాగితం పాడైందని తెలిసినా ఉంచాలి. ఆ కాపీలు ఇచ్చిన సంస్థ "వ్యక్తిగత అధ్యయనానికి మాత్రమే" అని ముద్ర వేసి ఉంటే, వాటిని ఇతరులకు చూపించే ముందు ఆ సంస్థను అడగాలి.

జాబితా: పెట్టె వరకా, ఫోల్డర్ వరకా, ఒక్కో కాగితానికా

ఇక్కడే ఎక్కువ ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోతాయి. ఉత్సాహంగా ఒక్కో ఉత్తరానికి ఒక్కో వరుస రాయడం మొదలుపెడతారు, మూడో పెట్టె దగ్గర మనిషి మారతారు, మిగిలిన ఇరవై ఏడు పెట్టెల్లో ఏముందో ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది.

లెక్క వేసి చూడండి. అమెరికన్ ఆర్కైవిస్టులు గ్రీన్, మైస్నర్ 2005లో చేసిన ప్రతిపాదన ప్రకారం, 20వ శతాబ్దపు పెద్ద సేకరణలను ఘనపుటడుగుకు సగటున 4 గంటల్లో అమర్చి జాబితా రాయగలగాలి. ఒక్కోటి ఘనపుటడుగు చొప్పున 30 పెట్టెలుంటే 120 గంటలు. అదే పెట్టెలో 1,000 విడి కాగితాలున్నాయనుకుని, ఒక్కోదానికి రెండు నిమిషాలే పెట్టినా, ఒక్క పెట్టెకే 33 గంటలు దాటుతుంది. ముప్పై పెట్టెలకు వెయ్యి గంటలు.

కాబట్టి కాగితాలు వచ్చిన మొదటి వారంలోనే పెట్టెల జాబితా పూర్తి చేయాలి, పెట్టెకు రెండు వాక్యాలు చాలు. తర్వాత సేకరణ మొత్తానికి ఫోల్డర్ స్థాయి జాబితా. ఒక్కో కాగితం లెక్కన రాయడం ఒకటి రెండు విభాగాలకే, ముఖ్యమైన ఉత్తరాలకో ఫోటోలకో, అదీ ఫోల్డర్ జాబితా పూర్తయ్యాకే. నాలుగు గంటల లెక్కను గుడ్డిగా పాటించవద్దు. ఆ వేగంలో లోపలి గోప్యమైన కాగితం కంటపడకపోవచ్చు. విద్యార్థుల పేర్లు, వైద్య విషయాలు ఉండే అవకాశమున్న ఫోల్డర్లను మాత్రం కాగితం కాగితం చూడాలి.

ఫోల్డర్ పేరు రాయడంలోనే జాబితా విలువ ఉంది. "ఉత్తరాలు–3" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "భూమిశిస్తు పుస్తకం గురించి ప్రచురణకర్తతో ఉత్తరాలు, 1978–1983" అని రాస్తే వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది. ఫోల్డరు మీద ప్రొఫెసర్ గారే ఏదైనా పేరు రాసుకుని ఉంటే దాన్ని కొటేషన్ గుర్తుల్లో అలాగే ఎక్కించి, పక్కన వివరణ రాయండి. ఆర్కైవ్ జాబితాలు రాయడానికున్న అంతర్జాతీయ ప్రమాణమైన ఐసాడ్–జిలో మొత్తం 26 అంశాలున్నాయి. వాటిలో ఆరు మాత్రం తప్పనిసరి అనుకోండి: సూచిక సంఖ్య, శీర్షిక, కాగితాలు ఎవరివి, తేదీలు, పరిమాణం, వివరణ ఏ స్థాయిలోది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, యాభై పెట్టెల లోపు సేకరణకు ఒక స్ప్రెడ్‌షీటుతో మొదలుపెట్టడమే మేలు. కాలమ్‌లు పై ఆరు అంశాల ప్రకారం ఉంటే, రేపు ఆటమ్ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఆ పట్టికను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు పట్టిక ఫైలు) రూపంలో ఎక్కించుకోవచ్చు. ఆర్కైవ్స్‌స్పేస్ కూడా మంచిదే, కానీ దాన్ని నడపడానికి సర్వర్ పని తెలిసిన మనిషి కాలేజీలో ఉండాలి. లైబ్రరీలో ఇప్పటికే డిజిటల్ ఫైళ్లు దాచే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ ఉందని అందులోనే అన్నీ పెట్టేద్దామనిపిస్తుంది. అది థీసిస్‌లు, వ్యాసాల వంటి విడి ఫైళ్లకు సరిపోతుంది. విభాగం, పెట్టె, ఫోల్డరు అనే అంతస్తులు చూపించడం దాని పని కాదు.

పెట్టె, ఫోల్డరు, పిన్ను

కంపెనీ పెట్టె మీద "యాసిడ్ ఫ్రీ" అని ఉంటే చాలదు. కాగితాన్ని పసుపుపచ్చగా మార్చే కలప పదార్థం లిగ్నిన్ అట్టలో లేకుండా ఉందా, ఆమ్లాన్ని విరిచే కాల్షియం కార్బొనేట్ నిల్వ ఉందా అని అడగాలి. శాశ్వత కాగితానికి ఉన్న ఐఎస్‌ఓ 9706 ప్రమాణం పీహెచ్ 7.5 నుంచి 10 మధ్య ఉండాలనీ, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలనీ అంటుంది. ఫోల్డర్లు ఆ ప్రమాణానివి తీసుకోండి. నీలిరంగు ప్లాన్లకు, అంటే బ్లూప్రింట్లకు మాత్రం క్షారం పడదు, రంగు పాలిపోతుంది. వాటికి క్షార నిల్వ లేని ఫోల్డర్లు కావాలి. ఫోటోల కవర్లలో, కవరు ఫోటోను పాడుచేయదని తేల్చే ఐఎస్‌ఓ 18916 పరీక్ష, వాడుకలో పీఏటీ, పాసైనవే కొనండి.

మామూలు సరుకుల అట్టపెట్టె రవాణాకు పనికొస్తుంది, నిల్వకు కాదు. దాని ఆమ్లం మెల్లగా కాగితంలోకి దిగుతుంది. డబ్బు తక్కువైతే ఒక రాజీ ఉంది: ఫోల్డర్లు మాత్రం మంచివి కొని, ప్రస్తుతానికి మామూలు పెట్టెల్లో పెట్టండి. కాగితాన్ని అంటిపెట్టుకుని ఉండేది ఫోల్డరే కాబట్టి ముందు అదే మారాలి. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పెట్టెలు నీళ్లు కారే ప్రమాదమున్న చోట అక్కరకొస్తాయి, కానీ కాగితాలు కొంచెం తేమగా ఉన్నప్పుడు మూత పెడితే బూజుకు ఇల్లు కట్టినట్టే. పీవీసీ కవర్లు ఎక్కడా వద్దు. లామినేషన్ అసలే వద్దు, వెనక్కి తీయలేం.

ఫోల్డరు మందం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు దాటనివ్వకండి. పెట్టెలో ఫోల్డర్లు నిటారుగా నిలబడాలి, చెయ్యి దూర్చి ఒకటి తీయగలిగేంత సందు ఉండాలి. ఖాళీ ఎక్కువైతే కాగితాలు వంగి విల్లులా బిగుసుకుపోతాయి. అట్టముక్కను మడిచి ఆ ఖాళీలో పెట్టండి. సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పు పెట్టె నిండితే ఐదారు కిలోలు తూగుతుంది. అంతకన్నా పెద్దవి కొంటే పై అర నుంచి దించేటప్పుడు జారిపడతాయి.

తుప్పు పట్టిన జెమ్ క్లిప్పును లాగితే కాగితం చిరిగి ముక్క ఊడి వస్తుంది. పాలిస్టర్ ఫిల్మ్‌ను వేలెడు వెడల్పు ముక్కగా కత్తిరించి క్లిప్పుకీ కాగితానికీ మధ్య రెండు వైపులా జొప్పించండి. కట్టను బల్ల మీద ఆనించి, క్లిప్పు పొడవైన వైపును ఒక వేలితో నొక్కి పట్టి, పొట్టి వైపును మెల్లగా పైకి ఎత్తాలి. స్టేప్లర్ పిన్ను అయితే వెనక్కి తిప్పి, పలుచటి లోహపు చువ్వతో కాళ్లు రెండూ నిటారుగా చేసి, ముందు వైపు నుంచి తీయాలి. పళ్ల పిన్ను రిమూవరు వాడకండి. ఎండి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండును గీకకుండా, ఊడినంతవరకే తీసి వదిలేయాలి. సెల్లోటేపు జోలికి అసలు పోవద్దు, అది నిపుణుల పని. తుప్పు లేని పిన్నులను వెతికి వెతికి తీయడం కూడా దండగ. పొడిగా ఉండే గదిలో అవి చాలాకాలం అలాగే ఉంటాయి.

వార్తాపత్రికల కత్తిరింపులు పక్క కాగితాన్ని కూడా గోధుమరంగులోకి మారుస్తాయి. మంచి కాగితం మీద జిరాక్సు తీసి పెట్టండి, చేతిరాత ఉన్న కత్తిరింపులను మాత్రం విడి కాగితం మధ్య ఉంచండి. ఫ్యాక్స్ మెషీన్ నుంచి వచ్చిన మెరిసే థర్మల్ కాగితాన్ని వెంటనే కాపీ చేయాలి, అక్షరాలు దానంతటవే మాయమవుతాయి. కాగితాలకు గుడ్డ తొడుగులు వద్దు. స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. కడిగి ఆరిన చేతులే మంచివి. ఫోటోలకు, ఫిల్ములకు నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి.

గది విషయంలో చల్లదనం కన్నా నిలకడ ముఖ్యం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే గాలిలో తేమ రోజూ పెరిగి తరుగుతుంది, అది కాగితానికి ఒకే వేడిలో ఉండడం కన్నా ఎక్కువ చేటు. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు మొదలవుతుంది. 35 నుంచి 50 మధ్య ఉంచడం లక్ష్యం, అందుకోలేకపోయినా 60 దాటనివ్వకండి. ఒక తేమ కొలిచే మీటరు కొని రోజూ అంకె రాయడం ఖరీదైన ఏసీ కన్నా ముందు చేయాల్సిన పని. ర్యాకుల కింది అర నేల నుంచి కనీసం 10–15 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు దూరంగా ఉండాలి. కొత్తగా వచ్చిన పెట్టెలను నేరుగా లోపలికి తేకుండా వేరే గదిలో తెరిచి పురుగు, బూజు చూడాలి. నాఫ్తలీన్ ఉండలు వేయవద్దు, మనుషులకూ మంచిది కాదు. పురుగు పట్టిన కాగితాలను పాలిథీన్ సంచిలో గాలి తీసి సీలు చేసి, −20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో కనీసం వారం ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా 24 గంటలు ఆగితే సరిపోతుంది. గ్లాసు నెగెటివ్‌లను, ధ్వని టేపులను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

డిజిటైజ్: అన్నీనా, ఏరినవా, అడిగినప్పుడా

కాగితాల వరకూ అడిగినప్పుడు చేయడమే చాలా కాలేజీలకు తగిన పద్ధతి. ఎవరైనా ఒక ఫోల్డరు అడిగితే ఆ ఫోల్డరు మొత్తం స్కాన్ చేసి దాచుకోండి. కొన్నేళ్లకు నిజంగా వాడేవన్నీ డిజిటల్‌లోకి వస్తాయి. అన్నీ ఒకేసారి చేయాలంటే ముందు నిల్వ లెక్క చూడండి. ఏ4 పేజీని 400 పీపీఐ (అంగుళానికి 400 పిక్సెళ్లు), 24 బిట్ల రంగులో, కుదించని టిఫ్ ఫైలుగా తీస్తే ఒక్క పేజీ 46 ఎంబీ. పదివేల పేజీలకు 460 జీబీ పైమాట, మూడు ప్రతులు ఉంచితే దాదాపు 1.4 టీబీ. అచ్చు, టైపు కాగితాలకు 300 పీపీఐ చాలు, పేజీ 26 ఎంబీకి దిగుతుంది. సన్నటి పెన్సిల్ రాతకు 400 కావాలి.

ధ్వని టేపులు ఆగలేవు, మినహాయింపు అన్నది వీటి గురించే. క్యాసెట్ ప్లేయర్లు, వాటిని బాగుచేసేవాళ్లు కాగితం కన్నా ముందే కనుమరుగవుతున్నారు. ప్రొఫెసర్ గారు ఇంటర్వ్యూ చేసిన మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు, వాళ్ల గొంతు ఉన్నది ఆ ఒక్క టేపులోనే. కాబట్టి డిజిటైజ్ చేయడానికి ఉన్న మొదటి డబ్బు వీటికే. ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున మీద రికార్డ్ కాకుండా. 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్, వీలైతే 96, వేవ్ ఫైలుగా తీయాలి. 96లో స్టీరియో గంటకు సుమారు 2 జీబీ. రీలు టేపు తిరిగేటప్పుడు కీచుమంటే లేదా హెడ్ మీద జిగురులా అంటుకుంటే వెంటనే ఆపేయండి, దాన్ని నిపుణులకే ఇవ్వాలి. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొట్టే ఫిల్ములను మిగిలినవాటి నుంచి ఆ రోజే వేరుచేయాలి. ఆ ఆవిరి పక్క ఫిల్మునూ పాడుచేస్తుంది.

ఫ్లాపీలు, ల్యాప్‌టాప్ విషయంలో మొదటి పొరపాటు ఆసక్తితో తెరిచి చూడడం. తెరిచి సేవ్ అయితే ఫైలు తేదీలు మారిపోతాయి, ఏ చిత్తుప్రతి ముందుదో చెప్పే ఆధారం పోతుంది. డిస్కు మీద ఏమీ రాయకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ పరికరం పెట్టి, డిస్కు మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, ఫైలు మారిందో లేదో పట్టిచ్చే ఎస్‌హెచ్‌ఏ–256 చెక్‌సమ్ అంకె రాసుకుని, ఆ ఇమేజ్ ప్రతి మీదే పని చేయాలి. యూనికోడ్ రాకముందు ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు ఉంటే ఆ ఫాంటు ఫైలును కూడా అదే కంప్యూటర్ నుంచి తీసుకోండి. అది లేకపోతే ఫైలు తెరుచుకుంటుంది కానీ చెత్త అక్షరాలు కనిపిస్తాయి. ఫాంటు ఉన్న చోటే ప్రతి ఫైలుకూ పీడీఎఫ్/ఏ (దీర్ఘకాల నిల్వకోసం చేసిన పీడీఎఫ్ రకం) ప్రతి ఒకటి తీసి, మూల ఫైలుతో పాటు ఉంచాలి. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే భవనంలో. ఏడాదికోసారి చెక్‌సమ్‌లు సరిచూడకపోతే ఆ మూడూ ఒకేసారి పాడైనా తెలియదు.

చూపించేటప్పుడు, చేతులు మారేటప్పుడు

చదివేవాళ్లకు ఒకసారి ఒక పెట్టె, అందులో ఒకసారి ఒక ఫోల్డరు. ఫోల్డరు తీసిన చోట రంగు అట్టముక్క నిలబెట్టాలి, తిరిగి అక్కడికే చేరడానికి. పెన్ను కాదు, పెన్సిల్. ఇండెక్సు కార్డులను ఒక్కొక్కటే బయటికి తీసే అవసరం ఎక్కువగా వస్తుంది కాబట్టి, అడిగినప్పుడు స్కాన్ చేయాల్సినవాటిలో వాటిని ముందు పెట్టండి.

చేసిన నిర్ణయాలన్నీ ఒక ఫైలుగా రాసి పెట్టాలి: ఏవి తీసేశారు, ఎందుకు, ఏ విభాగం ప్రొఫెసర్ గారి వరుసలో ఉంది, ఏది మీరు అమర్చింది, మూసి ఉంచిన ఫోల్డర్లు ఏ తేదీన తెరవాలి, తీసిన ఫోటోలు ఎక్కడున్నాయి. దానపత్రం అసలు కూడా ఇందులోనే ఉండాలి, నకలు ప్రిన్సిపాల్ ఆఫీసులో. బాధ్యత చూసేవారు బదిలీ అయ్యే రోజు కొత్తగా వచ్చినవారితో కలిసి ఈ ఫైలును చేతిలో పట్టుకుని ర్యాకుల దగ్గరికి వెళ్లి, మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె వరకు అంకెలు సరిచూసి ఇద్దరూ సంతకం చేయాలి. ముప్పై పెట్టెలకు అరగంట పడుతుంది.